రబ్బరు అవతల పారెయ్

కాకినాడ,
ఆదివారం

చిరంజీవి నానికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్లో ఏడ్చినంత పని చేసింది. పరీక్షలో దాదాపు ఖాళీ కాగితం ఇచ్చి వచ్చావట, ఎమ్మెస్సీ మానేసి బ్యాంకు కోచింగులో చేరతానన్నావట. బ్యాంకు సంగతి తర్వాత. ముందు ఆ ప్రశ్న చూద్దాం. ఏప్రిల్లో హైదరాబాదులో కొత్తకుండలో పోసిన నీళ్లు ఎంతసేపటికి చల్లబడతాయి? అంతేగా! దానికి 'ఇచ్చిన వివరాలు చాలవు' అని ఒక్క ముక్క రాసి లేచిపోయావు. ఒరేయ్, కుండనీళ్లు తాగి పెరిగినవాడివి, నీకు వివరాలు చాలకపోవడమేమిట్రా?

ఇలాంటివాటికి వివరాలు మనమే పెట్టుకోవాలి. కుండ పది లీటర్లదనుకో. ఎనిమిది డిగ్రీలు దిగాలనుకో. లీటరుకి, డిగ్రీకి 4.2 కిలోజౌళ్లు, మొత్తం 336. లీటరు నీరు ఆవిరైతే దాదాపు 2,400 పట్టుకుపోతుంది. అంటే 140 మిల్లీలీటర్లు, చిన్న గ్లాసుడు నీళ్లు, కుండ ఒంటిమీద చెమర్చి ఆరిపోతే చాలు. బయటి వేడి లోపలికి రావడం కలిపితే ఇంకాస్త. ఆ తర్వాత గాలి సంగతి. మా ఊళ్లో గాలే తడి, కుండ చెమర్చినా త్వరగా ఆరదు. మీ హైదరాబాదు పొడిగాలికి రంజన్ కుండ నీళ్లు పళ్లు జివ్వుమనిపిస్తాయి. ఎక్కడైనా సరే, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపించేదానికన్నా కిందికి కుండ దిగలేదు. ఇదంతా నీకు తెలుసు. తెలిసీ కలం పెట్టలేదు.

ఎందుకు పెట్టలేదో నాకు తెలుసు. లెక్కలన్నీ ఆ పలకలాంటి యంత్రం మీద రాస్తావట, తప్పొస్తే వేలితో తడితే మాయమైపోతుందట. అసలు జబ్బు అది! తప్పు కంటపడని చోట చెయ్యి కదలదు. మా రోజుల్లో ఆ పని రబ్బరు చేసేది. బీఎస్సీలో లోలకం ప్రయోగంలో జీ విలువ 980 రాకపోతే అందరం రీడింగులు దిద్దేవాళ్లం. నాకు 962 వచ్చింది. చెరిపి, దిద్ది, అందంగా 980 చేశాను. మా మాస్టారు కాగితాన్ని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకున్నారు. రుద్దినచోట ఉల్లిపొరలా పలచబడి కనిపించింది. ఏమీ అనలేదు. "మనవైపు అది 978 పైచిలుకేనమ్మా" అని మాత్రం అన్నారు. దిద్దుకున్నది కూడా తప్పే! చెరపకపోయి ఉంటే, దారం కొసదాకానే కొలిచి గుండు వ్యాసార్థం కలపడం మరిచిపోయానని పది నిమిషాల్లో పట్టుకునేదాన్ని. ఆ రాత్రే రబ్బరు పెరట్లోకి విసిరేశాను. మీ తాతగారు పొద్దున్నే వెతికి తెచ్చి, అర్ధరూపాయి వస్తువని చివాట్లు పెట్టారు. అది వేరే కథ.

అన్నం సరిగా తింటున్నావా? గొంతు నీరసంగా ఉందంది మీ అమ్మ.

సరే, అంచనా మాటకొస్తే, 1945 జులై 16న న్యూమెక్సికో ఎడారిలో తొలి అణుబాంబు పేల్చారు. సుమారు పది మైళ్ల దూరంలో నిలబడ్డ భౌతికశాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ చేతిలోంచి కాగితం ముక్కలు వదిలాడు. పేలుడు గాలికి అవి రెండున్నర మీటర్లు పక్కకి జరిగాయి. 10,000 టన్నుల టీఎన్‌టీకి సమానమని అంచనా కట్టాడు. తర్వాత తేలింది 20,000 పైనే. బాంబు తలుచుకుంటే నాకు ముద్ద దిగదనుకో. కానీ సగానికి సగం తేడా వచ్చిందని ఆయన్ని ఎవరూ ఫెయిలు చెయ్యలేదు. నువ్వు అంతకన్నా పెద్ద తప్పు చేసినా నాకు ముద్దే, కాగితం మీద కనిపించాలి అంతే.

ఒక కుండ కొనుక్కో, ఒక చిత్తు పుస్తకం కూడా. డబ్బులు పంపుతున్నాను, మీ అమ్మకి చెప్పకు. నీళ్లు పోసేముందే నీ అంచనా సిరాతో రాయి. తర్వాత గంటకోసారి తూచు, థర్మామీటరు పెట్టు. నా అంచనా నాలుగు గంటలు. నీది వేరే వస్తే కొట్టేసిన లెక్కలతో సహా ఆ పేజీ ఫోటో తీసి పంపు, ఇద్దరం కూర్చుని చూద్దాం. బ్యాంకు మాట అప్పుడు మాట్లాడుకోవచ్చు.

ఆవకాయ ఇంకా ఊరాలి, మీ అమ్మ వచ్చేటప్పుడు పంపిస్తాను. కుండ కింద పళ్లెంలో ఇసుక పోసి పెట్టు, గచ్చు తడిస్తే వార్డెన్ అరుస్తాడు.

పెద్దమ్మ