ఎమ్మిగనూరు నేతపనివారల సహకార సంఘము

ఆదోని ప్రాంతమున నల్లరేగడి నేల విస్తారము. ఆ నేలలో పండు ప్రత్తిని పూర్వము వర్తకులు "వెస్టర్న్సు" అను పేర వ్యవహరించుచుండిరి. ఆదోనిలో గింజ తీయబడి, బేళ్ళుగా నొక్కబడి, రైలెక్కి ఆ ప్రత్తి దూరపు మిల్లులకు బోవుచుండెను. మిల్లులలో తయారైన నూలు మరల రైలెక్కి యీ సీమకు వచ్చి, ఎమ్మిగనూరున మగ్గపుగుంటలో గూర్చున్న నేతగాని చేతికి జిక్కుచుండెను. రెండూళ్ళకు నడుమ దూరము ఇంచుమించు పదునెనిమిది మైళ్ళు మాత్రమే. అయినను ప్రత్తి పొలమునుండి మగ్గమును జేరుటకు ఎందఱి చేతులో మాఱవలసియుండెను; మాఱిన ప్రతిచేతిలోను కొంత లాభము నిలిచిపోవుచుండెను. ఈ చుట్టుత్రోవను కొంతవఱకైన కుఱుచ చేయుటకు యత్నించిన సంఘమొకటి 1938లో ఎమ్మిగనూరున వెలసినది. దాని చరిత్రమును విద్యార్థులకు దెలుపుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ముందుగా నేతపనిని గూర్చి నాలుగు మాటలు చెప్పవలెను. నూలు చిలపలుగా వచ్చును. ఒక్క చిలప 840 గజములు. ఇరువదియవ నంబరు నూలనగా అట్టి చిలపలు 20 కలిసి ఒక పౌను తూగునని యర్థము. కావున పది పౌనుల కట్టలో 1,68,000 గజముల దారముండును. చదువరులు స్వయముగా భాగించి చూచుకొనవచ్చును. అది 95 మైళ్ళకు పైబడును. ఒక్క కట్టలోని దారమును త్రోవపొడుగున బఱచినచో ఆదోనినుండి ఎమ్మిగనూరునకు రెండుమాఱులు పోయి వచ్చినను ఇంకను మిగులును. ఇంత దారమును విప్పి, ఆసుపోసి, పడుగుచేసి, వీధిలో జాపి గంజిపెట్టి, కుంచెతో దోమి, అచ్చులో పోగుపోగుగా నెక్కించి, పేకనూలును కండెలకు జుట్టి నాడెలో నుంచినగాని మగ్గమాడదు. నేయువాడు ఒక్కడే, వాని వెనుక ఇంటిల్లిపాది చేతులున్నవి. రాట్నపు భాగములను, కండెలను తరిమెనపట్టి నున్నగా దీర్చిన వడ్రంగి చేయియు నున్నది. ఇది చిన్న సంగతి యనుకొనరాదు. కండె గరుకైనచో దారము తెగును; తెగిన పోగును ముడివేయువఱకు మగ్గము నిలిచియుండును. ఇక వానపట్టినచో వీధిలో పడుగు చాపుటకు వీలుండదు, గుంటలో చెమ్మ యూరును. అట్టి దినములలో పనియు లేదు, కూలియు లేదు.

ఇట్టి వృత్తిలోనివానికి చేతిలో రొక్కము నిలుచుట యెట్లు? నూలు కొనుటకు సొమ్ములేదు గనుక సావుకారువద్ద అరువునకు దెచ్చుకొనును. నేసిన గుడ్డను ఆ సావుకారునకే యిచ్చివేయవలెను. నూలు వెల నిర్ణయించువాడును, గుడ్డ వెల నిర్ణయించువాడును ఒక్కడే యైనపుడు నేతగానికి మిగులునది యెంతయో ఊహింపవచ్చును. అయినను సావుకారును ఊరక దూషించుట మా యభిమతము కాదు. నేసిన గుడ్డ ఆ దినమే అమ్ముడుపోదు. పండుగ రావలెను, పెండ్లిండ్లు రావలెను, రైతు పంట అమ్ముకొనవలెను. అంతవఱకు ఎవడో యొకడు వేచియుండవలెను. నేతగాడు వేచియుండలేడు, రేపటి కూటికి నేడే కూలి కావలెను. సావుకారు వేచియుండగలడు. ఆ వేచియుండుటకే అతడు వెల గట్టుచుండెను. నేతగాండ్ర ఋణములలో పెద్దపాలు ఈ నిరీక్షణకు చెల్లించిన వెలయే యని మేము తలంచుచున్నాము.

వాన వెనుకబడినపుడు ఈ కష్టము మఱింత యగును. రైతు గింజలు కొనుట మానడు, గుడ్డ కొనుట మానును. కావున కరవు రైతునింటికి రాకమునుపే నేతగానింటికి వచ్చును. 1876 మొదలు 1878 వఱకు ఈ సీమను పీల్చివేసిన ధాతకరవునందు మగ్గములు విడిచి రోడ్డుపనికి, కంకర కొట్టుపనికి పోయినవారెందఱో. రాళ్ళుగొట్టి కాయలుకాచిన వ్రేళ్ళకు సన్నపు పోగు అందదు. ఈ సంగతిని గ్రహించియే తరువాతి కరవు నిబంధనలలో నేతవారికి వారి వృత్తిలోనే పని కల్పించుటకు, అనగా నూలిచ్చి గుడ్డ కొనుటకు, ఏర్పాటు చేసిరి.

కలిసి కొనుట, కలిసి యమ్ముట యను ఊహ మనదేశమున బుట్టినది కాదు. ఇంగ్లండులోని రాచ్‌డేలు పట్టణమున 1844లో ఇరువదియెనిమిదిమంది పనివారు పైకము పోగుచేసి చిన్న అంగడి తెఱచిరి. వారిలో నేతవారును ఉండిరి. మనదేశమున 1904లో చేసిన సహకార చట్టము అప్పులిచ్చు సంఘములను మాత్రమే యనుమతించెను. నేతగానికి ఇది చాలదు. రొక్కముగా నిచ్చిన అప్పు నూలుగా మాఱకమునుపే గింజలుగా మాఱిపోవును. 1912లో వచ్చిన రెండవ చట్టమే ఉత్పత్తి, విక్రయములు చేయు సంఘములకు త్రోవ తీసెను. 1935లో మద్రాసున చేనేత సంఘముల కన్నింటికిని రాష్ట్రస్థాయి సంఘమొకటి యేర్పడగా, జిల్లాలయందు ప్రాథమిక సంఘములకు ఊత దొరికెను.

అట్టి కాలమున, 1938లో, శ్రీ మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరున నేతపనివారల సహకార ఉత్పత్తి విక్రయ సంఘమును స్థాపించిరి. అప్పటికి ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములు బళ్ళారి జిల్లాలోనివి. వీధులలో తెలుగును కన్నడమును జంటగా వినవచ్చు సీమ యిది. సంఘము పేరులోని రెండు మాటలను చదువరులు గమనింపవలెను: ఉత్పత్తి, విక్రయము. ఇట్టి సంఘములలో సభ్యుడు వాటా సొమ్ము చెల్లించి చేరును. సంఘము నూలిచ్చును. సభ్యుడు గుడ్డ నేసి తెచ్చును. పన్నా, పొడుగు, పోగుల యొత్తు చూచి, సరిగానున్నచో కూలి యిచ్చివేయుదురు. గుడ్డ అమ్ముడుపోవుట తరువాతిమాట. అనగా పూర్వము సావుకారు చేసిన నిరీక్షణను ఇపుడు సంఘము నెత్తికెత్తుకొనెను. ఒక్కడు చేయలేనిది పలువురు కలిసి చేయుట యనగా ఇదియే.

సంఘము స్థాపించిన మఱుసటియేడే యూరపులో యుద్ధము మొదలాయెను. నూలు ధర ఆకాశమునంటెను. 1943లో ప్రభుత్వమువారు గుడ్డకును నూలునకును కంట్రోలు విధించిరి. మద్రాసు రాష్ట్రమున నూలు పంపకము చాలవఱకు సహకార సంఘములద్వారా జరిగినందున, ఆ దినములలో సంఘములును సభ్యులును పుట్టగొడుగులవలె పెరిగిరి. సహకారమునందలి మక్కువచేత గాక నూలుకొఱకే చేరినవారు అనేకులని చెప్పక తప్పదు. కంట్రోలు తీసివేయగానే అట్టి సంఘములు పెక్కు కృశించినవి. ఎమ్మిగనూరు సంఘము నిలిచెను. ఇచ్చటి దుప్పట్లు, తువాళ్ళు ఊరి పేరుతోనే అంగళ్ళలో అడుగబడునంతటి వాసికెక్కెను. నేతగాండ్రకు ఇండ్లుకట్టి ప్రత్యేకముగా కాలనీ యేర్పఱచుటయు జరిగెను. ఇల్లు నేతగానికి నివాసము మాత్రమే కాదు, కార్ఖానా కూడ. పడుగు చాపుటకు తగిన వెడల్పుగల వీధి, గుంట త్రవ్వుటకు తగిన గది, చెమ్మయెక్కని నేల, ఇవన్నియు కూలితో సమానమైన యవసరములు. 1954లో, పద్మ పురస్కారములు ఏర్పడిన తొలియేటనే, సోమప్పగారికి పద్మశ్రీ లభించెను.

ఆ కాలమున దేశమందును అనుకూలవాయువు వీచుచుండెను. 1952లో అఖిలభారత చేనేత బోర్డు ఏర్పడెను. 1953లో మిల్లుగుడ్డపై గజమునకు మూడు పైసల చొప్పున పన్ను వేసి, ఆ సొమ్మును ఖద్దరు, చేనేతల యభివృద్ధికి కేటాయించిరి. (ఆనాటి పైసలు రూపాయకు 192 అని పిల్లలు జ్ఞాపకముంచుకొనవలెను.) 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మవతరింపగా ఆదోని ప్రాంతము బళ్ళారిని విడిచి కర్నూలు జిల్లాలో చేరెను. ఆ దశకముననే ఆదోనికి దక్షిణమున రైలుమార్గము మీదనున్న గుంతకల్లులో సహకార నూలుమిల్లు నడువసాగెను. ఈ సీమ ప్రత్తి ఈ సీమలోనే నూలై మగ్గమెక్కవలెనను కోరిక అప్పటికి నెఱవేఱినట్లు తోచెను.

ఆ మిల్లు తరువాత మూతబడెను. మరమగ్గముల గుడ్డ చేనేత పేరుతోనే, చేనేత వన్నెచిన్నెలతోనే అంగళ్ళకు రాసాగెను. కొన్ని రకముల గుడ్డలను చేనేతకే ప్రత్యేకించుచు 1985లో చట్టము చేసిరి. 1993లో సుప్రీము కోర్టు దానిని సమర్థించెను. చట్టము మంచిదే. అయితే అంగడిలో దుప్పటి కొనువానికి రెండింటి భేదము తెలియదు, తెలిసినను ధరనే చూచును. చేనేత సంఘములు నానాటికి ప్రభుత్వపు కొనుగోళ్ళమీదను, రిబేటులమీదను ఆధారపడజొచ్చెను. రిబేటు సొమ్ము ఆలస్యమైనచో సంఘమునకు నూలు కొనుటకు రొక్కముండదు. చదువుకొన్న పిల్లలు గుంటలో దిగుటకు ఇష్టపడకపోవుటయు ఒక కారణమే. వారిని తప్పుపట్టుటకు మాకు నోరాడదు.

ఈ సంఘములను గూర్చి మాటలాడువారు సామాన్యముగా ఎన్ని మగ్గములున్నవి, ఎందఱు సభ్యులున్నారని యడుగుదురు. మేము గిడ్డంగిని గూర్చి యడుగుదుము. అందు మడతపెట్టియున్న ప్రతి దుప్పటికిని కూలి ముందే చెల్లింపబడియుండును, నూలు వెల ముందే యిచ్చియుండును. అది అమ్ముడుపోవువఱకు సంఘము వేచియుండవలెను. నేతగాడు తరువాతి పడుగునకు నూలుకొఱకు సంఘముతోగూడ వేచియుండవలెను.