కోడిపిల్లల్లో కాళ్ల లోపాలు - గుర్తించడం, సంరక్షణ

మేడ్చల్, శామీర్‌పేట అనగానే కోళ్ల ఫారాలు, హేచరీలు గుర్తుకు వస్తాయి. ఒకవైపు వెంచర్లు, అపార్టుమెంట్లు పెరుగుతున్నా కోళ్ల పెంపకం ఇక్కడ ఎన్నో కుటుంబాలకు ఇంకా కూడు పెడుతోంది. మన హాస్టల్ విద్యార్థుల తల్లిదండ్రుల్లో కొందరు ఫారాల్లో కూలికి పోతారు. ఇంకొందరి ఇంటి ముందు గంప కింద నాలుగు నాటుకోళ్లు ఉంటాయి. పరీక్ష ఫీజుకో, బస్సు పాసుకో అమ్మ కోడిని అమ్మి డబ్బు చేతిలో పెట్టడం మనలో చాలామందికి తెలిసిందే.

మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న తొలి తరం మాది. "ఇంత చదివారు, మన కోళ్లకేమైనా పనికొస్తదా?" అని ఇంట్లో పెద్దలు అడుగుతుంటారు. జంతుశాస్త్రం చదివే మేము దానికి జవాబుగా ఈ చిన్న పాఠం రాస్తున్నాం.

పిల్ల కుంటితే దిష్టి తగిలిందనో, పుట్టుకే అంతనో పక్కన పడేస్తారు. నిజానికి చాలాసార్లు కారణం రెండు చోట్ల ఉంటుంది: పిల్ల కాలి కింద నేల, పిల్ల తినే దాణా. ఈ రెండూ మన చేతిలో ఉన్నవే.

1. కాళ్లు పక్కలకు జారిపోవడం:
గుడ్డు నుంచి బయటపడిన మొదటి రోజుల్లో రెండు కాళ్లూ చెరో పక్కకు జారి, పిల్ల పొట్ట మీద పడిపోతుంది. నున్నటి అట్టపెట్టె, న్యూస్ పేపరు, గచ్చు దీనికి ముఖ్య కారణాలు. పొదిగేటప్పుడు వేడిలో హెచ్చుతగ్గులు వచ్చినా ఇలా జరుగుతుంది.

దీన్ని ఇంట్లోనే సరిచేయవచ్చు. మెడికల్ షాపులో దొరికే మెత్తని ప్లాస్టరును సన్నగా కత్తిరించి, మడమ కీలుకు కింద రెండు కాళ్లకూ వదులుగా చుట్టి కలపాలి. మధ్యలో సుమారు ఒక అంగుళం ఎడం, అంటే పిల్ల మామూలుగా నిలబడేంత ఎడం ఉండాలి. రోజూ చూసి, బిగుతుగా ఉంటే మార్చాలి. మూడు నుంచి ఐదు రోజుల్లో చాలా పిల్లలు నిలబడతాయి. మొదటి రెండు రోజుల్లోనే మొదలుపెట్టాలి. వారం దాటితే ఎముక గట్టిపడి ఫలితం తగ్గుతుంది. కింద గోనెసంచి గానీ, ఊక గానీ పరచాలి.

2. వేళ్లు లోపలికి ముడుచుకోవడం:
పిల్ల చురుకుగానే ఉంటుంది, కానీ వేళ్లు పిడికిలిలా ముడుచుకుని మడమల మీద కూర్చుంటుంది, నడుస్తుంది. ఇది రైబోఫ్లేవిన్, అంటే విటమిన్ బి2 లోపం. కాలి నరం దెబ్బతినడం వల్ల ఇలా అవుతుంది. పశువైద్యుని సలహాతో విటమిన్ చుక్కలు నీటిలో కలిపి ఇవ్వాలి. ఉడికించిన గుడ్డు మెదిపి పెట్టడం కూడా మంచిది. తొందరగా ఇస్తే కొద్దిరోజుల్లోనే కోలుకుంటుంది. ఆలస్యమైతే నరం మళ్లీ బాగుపడదు.

3. మడమ నరం జారడం:
మడమ కీలు ఉబ్బి, వెనుక ఉండే స్నాయువు పక్కకు జారి, కాలు వంకర తిరుగుతుంది. మాంగనీసు లోపం దీనికి ముఖ్య కారణమని 1930లలో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు తేల్చారు. కోలిన్, బయోటిన్, ఫోలిక్ ఆమ్లం తగ్గినా ఇదే పరిస్థితి వస్తుంది. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారే.

స్నాయువు ఒకసారి జారాక మందుతో తిరిగి రాదు. నివారణే మార్గం. ఒట్టి మక్కలు, నూకలు మాత్రమే వేయకూడదు. మక్కల్లో మాంగనీసు తక్కువ, తవుడులో ఎక్కువ.

4. ఎముకలు మెత్తబడడం:
విటమిన్ డి, కాల్షియం, భాస్వరం సరిపోకపోతే ముక్కు, ఎముకలు మెత్తబడి పిల్ల కుంటుతుంది. గదిలో బల్బు కిందే పెంచే పిల్లలకు ఎండ తగలదు. బల్బు వెచ్చదనం ఇస్తుంది గానీ ఎండ పని చేయదు. పొద్దుటి ఎండలో కాసేపు బయటికి వదలాలి.

ముఖ్య హెచ్చరిక:
ఫారాల దగ్గర మిగిలిన గుడ్ల కోళ్ల దాణా మన ప్రాంతంలో సులువుగా దొరుకుతుంది. దాన్ని పిల్లలకు పెట్టకండి. అందులో కాల్షియం సుమారు 3.5 నుంచి 4 శాతం ఉంటుంది. పిల్లలకు 1 శాతం చాలు. ఎక్కువైతే మూత్రపిండాలు పాడవుతాయి, మాంగనీసు ఒంటికి పట్టదు. మంచి చేస్తున్నామనుకుంటూనే కాళ్లు విరగ్గొట్టినట్టవుతుంది.

కుంటే పిల్లకు చేయాల్సిన సేవ:
- లేవలేని పిల్ల కాలు నొప్పితో కాదు, దాహంతో, ఆకలితో చనిపోతుంది. నీళ్లు, దాణా ముక్కుకు అందేంత దగ్గర పెట్టాలి.
- నీళ్ల మూతలో గులకరాళ్లు వేస్తే పిల్ల మునగదు.
- మిగతావి పొడవకుండా వేరుగా ఉంచాలి. తోడుగా నెమ్మదైన మరో పిల్ల ఉంటే మేలు.
- మొదటి వారం 95 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి ఉండాలి. తర్వాత వారానికి 5 డిగ్రీల చొప్పున తగ్గించాలి.

బాగుకానివి:
కొన్ని వారాల వయసు దాటిన పిల్ల ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కు చాచి పడిపోతే మారెక్స్ వ్యాధి కావచ్చు. దీన్ని 1907లో హంగేరీకి చెందిన మారెక్ వర్ణించారు. దీనికి మందు లేదు. హేచరీల్లో పిల్ల పుట్టిన రోజే టీకా వేస్తారు. ఒకేసారి ఎక్కువ పిల్లలు పడిపోతే వాటిని అమ్మకుండా, పారవేయకుండా మండల పశువైద్యశాలకు తెలపాలి. పిల్లలను పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

రాజేంద్రనగర్‌లో 1988లో నెలకొల్పిన కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే వనరాజ, గ్రామప్రియ రకాలను రూపొందించింది. మంచి రకం తెచ్చుకున్నా నేల, దాణా సరిగా లేకపోతే ఫలితం ఉండదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు గంప కింద ఏం పరిచారో, దాణా సంచి మీద ఏం రాసి ఉందో ఒకసారి చూడండి. ఆ సంచి మీది అక్షరాలను అమ్మకు చదివి వినిపించండి. పది పిల్లల్లో రెండు నిలబడినా ఆ ఇంటికి అది లెక్కలోకి వచ్చే విషయమే.