మ్యామ్, నేను ఒప్పుకోను.. ఎందుకంటే!

పీటీఎంకు వచ్చినప్పుడు మీలో చాలామంది నన్ను రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. మొదటిది, "మా బాబు ఇంగ్లిష్‌లో ఎప్పుడు మాట్లాడతాడు మ్యామ్?" రెండోది, "గురువారం నోట్‌బుక్‌లో ఏమీ రాయలేదు, ఆ రోజు క్లాస్ జరగలేదా?" గురువారం మూడో తరగతికి డిస్కషన్ పీరియడ్. మొదటి ప్రశ్నకు జవాబు ఆ రాయని పేజీలోనే ఉంది కాబట్టి, ఆ పీరియడ్‌లో ఏం జరుగుతుందో ఈ నెల చెప్తాను.

మన పిల్లలకు అప్పజెప్పడం బాగా వచ్చు. 'మై బెస్ట్ ఫ్రెండ్' మీద పది వాక్యాలు ఎక్కడా ఆగకుండా చెప్పేస్తారు. యాన్యువల్ డే రోజు చప్పట్లు కూడా పడతాయి. అదే పాప స్టేజి దిగాక, "మీ ఫ్రెండ్‌కి నీ మీద కోపం వస్తే నువ్వేం చేస్తావు?" అని అడిగి చూడండి. పదకొండో వాక్యం రాదు. దానికి కావాల్సిన ఇంగ్లిష్ మాటలు చాలావరకు పాపకు తెలుసు. అప్పటికప్పుడు ఒక ఆలోచన చేసి, దాన్ని సొంత మాటల్లో పెట్టే అలవాటే లేదు. అప్పజెప్పడాన్ని నేను తక్కువ చేయడం లేదు. ఉచ్చారణకూ, జ్ఞాపకానికీ అది మంచిదే. కాకపోతే, ఎదుటివాళ్లు ఏం అడుగుతారో ముందే తెలిసినప్పుడే అది పనికొస్తుంది.

మామూలు క్లాసులో టీచర్ అడుగుతుంది, ఒకరు చెప్తారు, టీచర్ "వెరీ గుడ్" అంటుంది. ఈ మూడు మెట్ల పద్ధతిని ఇంగ్లండ్‌లో సింక్లెయిర్, కూల్తార్డ్ అనే ఇద్దరు భాషావేత్తలు 1975లోనే గుర్తించి రాశారు. ఇక్కడా అదే నడుస్తోంది. లెక్క వేయండి. 40 మంది ఉన్న క్లాసులో 40 నిమిషాల పీరియడ్ ఉంటే, టీచర్ నోరు విప్పకపోయినా ఒక్కొక్కరికి వచ్చేది ఒక్క నిమిషం. అందుకే గురువారం మేము పిల్లలను జంటలుగా కూర్చోబెడతాం. ముందు ఎవరికి వారు ఆలోచించాలి, తర్వాత పక్కవాళ్లతో మాట్లాడాలి, ఆ తర్వాతే క్లాసుకు చెప్పాలి. ఫ్రాంక్ లైమన్ అనే అమెరికన్ అధ్యాపకుడు 1981లో చెప్పిన ఈ పద్ధతిని థింక్-పెయిర్-షేర్ అంటారు. ఒకేసారి సగం క్లాసు మాట్లాడుతుంది. గోల ఉంటుంది, నిజమే. కారిడార్‌లో వెళ్తున్నవాళ్లకు టీచర్ లేదేమో అనిపిస్తుంది.

ఇటీవల ఇచ్చిన అంశం, "లంచ్ బాక్సులో మిగిలిన అన్నం ఏం చేయాలి?" కుక్కకు పెట్టాలన్నారు కొందరు. ఇంటికి తీసుకెళ్తే తిడతారు కాబట్టి పారేయాలన్నారు ఇంకొందరు (ఎవరెవరో చెప్పను). ఒక బాబు, "పెట్టేది అమ్మ, తినేది నేను. నన్ను అడిగి పెట్టాలి" అన్నాడు. వెంటనే పక్కనున్న పాప, "నేను ఒప్పుకోను. నిన్ను అడిగితే రోజూ మ్యాగీ అంటావు" అంది. క్లాసంతా నవ్వింది. ఎనిమిదేళ్ల పిల్లలు ఒకరి మాట విని, అందులో లోపం పట్టుకుని, కారణంతో జవాబు చెప్పారు. ఇంతకంటే మంచి చర్చ నేను ఆశించను.

ఈ మాటలు తెలుగులో జరిగాయి. జంటల్లో మాట్లాడే మొదటి రెండు నిమిషాలు ఇంటి భాషకు అనుమతి ఇస్తున్నాం. ఇంట్లో ఉర్దూ, హిందీ, లంబాడీ మాట్లాడే పిల్లలు వీలైతే ఆ భాష తెలిసినవాళ్లతో కూర్చుంటారు, లేకపోతే ముందు బొమ్మ గీసి చూపిస్తారు. తర్వాత బోర్డు మీద "ఐ డోంట్ అగ్రీ, బికాజ్...", "ఐ వాంట్ టు యాడ్..." అని రాస్తాను. అక్కడి నుంచి ఇంగ్లిష్. అదే బాబు, "అమ్మ మస్ట్ ఆస్క్ మీ, దెన్ ఓన్లీ పుట్" అన్నాడు. ఆపి తప్పు దిద్దలేదు. "యెస్, షి మస్ట్ ఆస్క్ యూ ఫస్ట్" అని నేను తిరిగి అన్నాను, చర్చ ముందుకు సాగింది. సరైన వాక్యం చెవిన పడింది, మాట్లాడాలన్న ఉత్సాహమూ పోలేదు.

"ఇంగ్లిష్ మీడియానికి ఫీజు కడుతుంటే క్లాసులో తెలుగెందుకు?" అని అడిగే హక్కు మీకుంది. కెనడాకు చెందిన జిమ్ కమిన్స్ వంటి పరిశోధకులు చెప్పేదేమిటంటే, ఒక భాషలో వచ్చిన ఆలోచనా శక్తి రెండో భాషకూ పనికొస్తుంది. ఇంటి భాష వేరు, బోధనా భాష వేరు అయిన పిల్లలకు రెండు భాషలూ వాడుతూ నేర్పమని జాతీయ విద్యా విధానం 2020 కూడా చెప్తోంది. అయితే రెండు నిమిషాలంటే రెండే. పీరియడంతా తెలుగులో జరిగిపోతే ఇంగ్లిష్ రాదు, అది నేనూ ఒప్పుకుంటాను.

ఇంకో ఫిర్యాదు దీనికంటే పెద్దది. "మీరు డిస్కషన్ అంటున్నారు, ఇంట్లో మాకు ఎదురు చెప్తున్నాడు" అని ఒక తండ్రి అన్నారు. అది గురువారం ప్రభావం కొంత కావచ్చు కూడా. ఎదురు చెప్పడానికీ, కారణం చెప్పడానికీ తేడా పిల్లలకు వెంటనే తెలియదు. అందుకే క్లాసులో ఒక నియమం పెట్టాం. నీ మాట చెప్పేముందు, అవతలివాళ్లు ఏమన్నారో ఒకసారి చెప్పాలి. రాత్రి తొమ్మిదింటి టీవీ చర్చలు చూసే ఇళ్లలో ఇది ఎంత కష్టమో నేను చెప్పక్కర్లేదు! మీరూ ఇంట్లో ఇదే అడగండి: "సరే, నేనేమన్నానో ముందు చెప్పు, తర్వాత నీ కారణం చెప్పు." విన్నాక కాదనే అధికారం మీదే. కానీ వినండి. ఉప్మా ఎందుకు వద్దో వరుసగా చెప్పగలిగిన పిల్లలే, బస్సులో ఎవరైనా ఏడిపిస్తే అదీ మీకు వరుసగా చెప్పగలుగుతారు.

"స్కూల్లో ఏం చేశారు?" అంటే "ఏం లేదు" అనే వస్తుంది. "ఈరోజు ఎవరి మాటకు నువ్వు ఒప్పుకోలేదు?" అని అడిగి ఆగండి. అమెరికాలో మేరీ బడ్ రో అనే సైన్స్ విద్యావేత్త, టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని 1970లలో గమనించారు. 3 సెకన్లు ఆగితే జవాబులు పొడుగయ్యాయి, ఎప్పుడూ నోరు మెదపని పిల్లలూ మాట్లాడారు. మూడు సెకన్లు చాలా పొడుగ్గా అనిపిస్తాయి, ఆ వాక్యం మీరే పూర్తి చేయాలనిపిస్తుంది. చేయకండి. రోజూ అమ్మమ్మకో, నానమ్మకో ఫోన్ చేసి ఆ రోజు జరిగింది చెప్పనివ్వండి, ఏ భాషలో అయినా సరే. బంధువులు వచ్చినప్పుడు "అంకుల్‌కి ఇంగ్లిష్‌లో చెప్పు" అనీ, పిల్లల ముందే "మావాడు కొంచెం షై" అనీ మాత్రం అనొద్దని నా మనవి.

వచ్చే గురువారం అంశం, "పుట్టినరోజుకు క్లాసంతటికీ చాక్లెట్లు పంచాలా?" దయచేసి ఇంట్లో జవాబు రాసిచ్చి, బట్టీ పట్టించి పంపకండి. పోయినసారి ముగ్గురు పిల్లలు ఒకే జవాబు ఒకే కామాతో సహా చెప్పారు.