బల్ల మీది న్యాయం

భారతదేశంలో పుట్టి ప్రపంచమంతటా వ్యాపించిన క్రీడలలో స్నూకర్ ఒకటి. 1875లో జబల్పూరులో నెవిల్ చాంబర్లేన్ అనే బ్రిటిష్ సైనికాధికారి బిలియర్డ్స్ బల్లపై అదనంగా రంగు బంతులను చేర్చడంతో ఈ ఆట ఆరంభమైందని చెబుతారు. 1882లో ఊటీ క్లబ్బులో దాని నియమాలు ఒక రూపానికి వచ్చాయంటారు.

ఈ ఆటలో తెల్ల బంతి కాక 15 ఎర్ర బంతులు, 6 ఇతర రంగుల బంతులు ఉంటాయి. ఎర్ర బంతి విలువ 1. తక్కిన వాటి విలువ పసుపు బంతికి 2తో మొదలై నల్ల బంతికి 7 వరకు పెరుగుతుంది. ఆటగాడు క్యూ కర్రతో తెల్ల బంతిని మాత్రమే కొట్టాలి. అది నియమం నిర్దేశించిన బంతినే మొదట తాకాలి. అలా తాకకపోతే అది ఫౌల్. ప్రత్యర్థికి కనీసం 4, గరిష్ఠంగా 7 పాయింట్లు లభిస్తాయి.

నియమం సులభమే, నిర్ణయమే కఠినం. తెల్ల బంతి మరొక బంతిని ఆనుకొని ఉన్నదా, లేక వెంట్రుకవాసి ఎడం ఉన్నదా అన్నది రిఫరీ కంటితోనే తేల్చాలి. ‘మిస్’ నిర్ణయం అంతకంటె క్లిష్టమైనది. తగిన బంతిని తాకలేకపోయిన ఆటగాడు శక్తివంచన లేకుండా ప్రయత్నించాడా? లేక తెల్ల బంతిని క్షేమమైన చోటికి చేర్చడానికే గురి తప్పించాడా? ప్రయత్నం చాలలేదని రిఫరీ భావిస్తే ‘మిస్’ ప్రకటిస్తాడు. అప్పుడు బంతులను యథాస్థానాలలో ఉంచి, మళ్లీ ఆడించమని ప్రత్యర్థి కోరవచ్చు.

రిఫరీ అధికారానికి హద్దులున్నాయి. ఆటగాడు తప్పు చేయబోతున్నాడని తెలిసినా అతడు హెచ్చరించరాదు, సలహా ఇవ్వరాదు. అయితే రంగులను గుర్తించలేని ఆటగాడు అడిగితే బంతి రంగు చెప్పి తీరాలి. తాను చూడలేకపోయిన ఘటన విషయంలో, దానిని చక్కగా చూడగలిగిన చోట ఉన్న ప్రేక్షకుల సాక్ష్యం తీసుకోవచ్చు.

ఆటగాడి చొక్కా అంచు బంతిని తాకినా తప్పే. దానిని రిఫరీ గమనించక, ప్రత్యర్థి అడగక, తరువాతి షాట్ ఆడడం జరిగితే ఆ తప్పు మాసిపోతుంది. అటువంటి వేళ నిజం తెలిసినవాడు ఆటగాడొక్కడే. తన తప్పును తానే ప్రకటించడం స్నూకర్ క్రీడాకారులు పాటించే సత్సంప్రదాయం. రిఫరీ కన్ను చేరలేని చోట ఆటకు న్యాయం చేసేది ఆటగాడి అంతరాత్మే.

ప్రశ్నలు
1. ‘మిస్’ నిర్ణయం ఎందుకు క్లిష్టమైనదో వివరించండి.
2. రిఫరీ చేయదగినవి, చేయరానివి ఏవి?
3. ఎవరూ చూడని తప్పును ఆటగాడు ఒప్పుకోవడంలోని ఔన్నత్యాన్ని తెలపండి.