బొడ్డు ఊడేదాకా

కడుపులో బిడ్డ నోటితో తినదు. బొడ్డుతాడు గుండానే తిండి, గాలి అందుతాయి. బిడ్డ పుట్టాక ఆ తాడుతో పని లేదు. దాన్ని కట్టి కోస్తారు. బిడ్డకు నొప్పి ఉండదు. పొట్ట మీద చిన్న ముక్క మిగులుతుంది. అది ఎండి, నల్లబడి, మామూలుగా రెండు వారాల లోపు ఊడిపోతుంది. ఊడేదాకా అది పచ్చిపుండు లాంటిదే.

పాతరోజుల్లో ఇంట్లోనే పురుడు. కొడవలితోనో, వాడిన బ్లేడుతోనో బొడ్డు కోసేవారు. పైన బూడిదో, పేడో రాసేవారు. మట్టిలో, పేడలో ధనుర్వాతం క్రిములు ఉంటాయి. అవి బొడ్డు గుండా ఒంట్లోకి పోతాయి. బిడ్డ రెండు రోజులు బాగానే పాలు తాగుతుంది. తర్వాత దవడలు బిగుసుకుంటాయి. చన్ను పట్టలేదు. ఒళ్లు విల్లులా వంగుతుంది. "గాలి సోకింది" అని ఏడ్చేవారు. సోకింది గాలి కాదు. కానీ ఆ సంగతి వాళ్లకు చెప్పినవారెవరు?

గర్భిణులకు టీకాలు వచ్చాయి. ఆసుపత్రి కాన్పులు పెరిగాయి. మన దేశంలో తల్లీబిడ్డల ధనుర్వాతం నిర్మూలన అయిందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. అయినా క్రిములు మట్టిలోనే ఉన్నాయి. అందుకే గర్భిణి నర్సమ్మ చెప్పిన లెక్క ప్రకారం టీడీ టీకా వేయించుకోవాలి.

ఒక ఇంటికి మూడో రోజున ఆశ కార్యకర్త వచ్చింది. అత్త చేతిలో పసుపు, ఆముదం కలిపిన గిన్నె ఉంది.

"రాస్తే తొందరగా ఊడుతుందమ్మా" అంది అత్త.

"వద్దు పెద్దమ్మా. పసుపు మంచిదే, కూరలో వేయండి. బొడ్డుకి ఏమీ రాయొద్దు. ఆరితేనే ఊడుతుంది."

"పౌడరు?"

"అదీ వద్దు. డాక్టరు రాసిచ్చిన మందైతే వేరు."

"మరి నీళ్లు పోయొద్దా?"

"ఊడేదాకా తడిగుడ్డతో ఒళ్లు తుడిస్తే చాలు."

అత్త కాసేపు మాట్లాడలేదు.

"నా పెద్దబిడ్డ ఎనిమిదో రోజు పోయాడు. బూడిద రాశాం" అంది. గిన్నె లోపల పెట్టేసింది.

బిడ్డను ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. గోచీగుడ్డ బొడ్డుకు కిందగా కట్టాలి. దొడ్డికి అంటితే మంచినీళ్లతో కడిగి, ఉతికిన గుడ్డతో అద్దాలి. వేలాడుతున్నా లాగకూడదు. ఊడినప్పుడు ఒకటి రెండు చుక్కల రక్తం కనిపిస్తే భయం లేదు. రక్తం ఆగకపోయినా, చుట్టూ ఎర్రబడినా, చీము కారినా, వాసన వేసినా, బిడ్డ పాలు తాగకపోయినా, ఒళ్లు కాలినా, చల్లబడినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోవాలి. 108కి ఫోను చేస్తే బండి వస్తుంది.

ఊడిన బొడ్డును కొందరు తాయెత్తులో పెట్టి దాస్తారు. దాచుకోవచ్చు. బిడ్డ మెడలో మాత్రం కట్టకూడదు. తాడు బిగుసుకుంటే ఊపిరి ఆడదు.