టోకెన్లు ఇచ్చే కుర్చీలో కూర్చుంటే నటిని కాకుండా పోతానా?

సమస్య



నా పేరు రాసినా మీ పాఠకుల్లో ఎవరికీ తెలియదు. సీరియల్‌లో పాత్ర పేరు చెబితే మాత్రం చాలామంది గుర్తుపడతారు. అందుకే రెండూ రాయడం లేదు.

మాది పాతబస్తీ, గౌలిపురా. పుట్టినిల్లూ మెట్టినిల్లూ ఇక్కడే. డిగ్రీ చదివేటప్పుడు రవీంద్రభారతిలో ఒక నాటికలో చిన్న వేషం వేశాను. ఆ తర్వాత పరిషత్తు పోటీలకు తిరిగాను. 'ముందు నీ యాస తీసెయ్యమ్మా, తర్వాత నటన చూద్దాం' అన్నారు మా దర్శకుడు. తీసేశాను. ఇప్పుడు మా ఇంట్లోవాళ్లతో కూడా సగం డైలాగు భాషే వస్తుంది. 'అమ్మా, కెమెరా లేదు, మామూలుగ మాట్లాడరాదే' అంటుంది మా అమ్మాయి.

పెళ్లయ్యాక మానేశాను. పాప బడికి పోవడం మొదలుపెట్టాక టీవీలోకి వచ్చాను. మొదట్లో పక్కింటావిడ, పిన్ని, నర్సు. డైలాగు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఆ తర్వాత ఒక సీరియల్‌లో పెద్దత్త వేషం దొరికింది. కోడల్ని రాచిరంపాన పెట్టే పాత్ర, కొన్నేళ్లు నడిచింది. తెల్లారకముందే ఇంట్లో వంట చేసి, రెండు బస్సులు మారి, మణికొండ వైపు షూటింగ్ ఇంటికి వెళ్లేదాన్ని. చీరలు మావే. కంపెనీ ఇవ్వదు. కట్టిన చీర మళ్లీ కడితే కంటిన్యుటీ పోతుందంటారు. వచ్చిన దాంట్లో ఎంత చీరలకే పోయిందో లెక్క రాసుకోలేదు.

ఒకరోజు పిలిచి, మేకప్ చేసి, ఫొటో తీసుకున్నారు. సాయంత్రానికి ఆ ఫొటోకే దండ వేసి హాల్లో గోడకు తగిలించారు. నా ట్రాక్ అయిపోయిందని అలా తెలిసింది. ఆ ఎపిసోడ్ వచ్చిన రాత్రి మా అత్తమ్మ అన్నం ముట్టలేదు. 'బతికున్న మనిషి ఫొటోకు దండ ఎట్ల ఏస్తర్రా' అని మా ఆయన మీద అరిచింది.

అది జరిగి ఏడాది కావస్తోంది. మేనేజర్లు 'చెప్తామమ్మా' అంటారు. రెండు నెలల పేమెంట్ ఇంకా రావాలి. మా ఆయన పత్తర్‌గట్టిలో బట్టల దుకాణంలో సేల్స్‌మన్. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఫీజు గడువు దగ్గరపడింది.

బయట నన్ను చూసి అందరూ నవ్వుతారు, ఫొటో దిగుతారు. మీర్ ఆలం మండీలో కూరగాయలమ్మే అతను మొన్న సెల్ఫీ తీసుకున్నాడు. తర్వాత టమాటాకు కిలో మీద పది రూపాయలు ఎక్కువ చెప్పాడు. 'మీకేంది మేడం, సీరియలోళ్లు' అన్నాడు. లాల్‌దర్వాజా బోనాలకు పోతే ఒక పెద్దావిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుని 'ఆ పిల్లను అంతగనం ఏడిపిస్తివి, నీకు పుణ్యం ఉంటదా' అని తిట్టింది.

మా ఆడపడుచు పనిచేసే ప్రైవేటు ఆస్పత్రిలో రిసెప్షన్‌లో ఖాళీ ఉంది. ఓపీ టోకెన్లు ఇవ్వాలి, ఫోన్లు ఎత్తాలి. నెలకు పదహారు వేలు. నాకు భయంగా ఉంది. ఎవరో ఒకరు వీడియో తీస్తారు. 'అవకాశాలు లేక ఆస్పత్రిలో నటి దీనస్థితి' అని పెద్దక్షరాలతో యూట్యూబ్‌లో పెడతారు. అది చూసిన మేనేజర్లు ఇక నన్ను పిలవరు. అమ్మాయి కాలేజీలో తలెత్తుకోలేదు. పోనీ చేరకుండా ఉందామంటే ఇల్లు గడవదు.

చేరమంటారా? చేరితే నేను నటిని కాకుండా పోతానా అక్కా?

— పాతబస్తీ చెల్లెలు

సలహా

చెల్లెమ్మా, చేరండి. వచ్చే వారం అనకుండా రేపే వెళ్లి మాట్లాడండి. ఇక నేను రాసేదంతా మీ రెండో ప్రశ్న గురించే, ఎందుకంటే మీ నిద్ర పాడుచేస్తున్నది అదే.

మీ ఊరితో ముడిపడిన ఒక నటి గురించి చెప్తాను. ఆమె షౌకత్ కైఫీ. ఈ హైదరాబాద్‌లోనే ఒక ముషాయిరాలో కవి కైఫీ ఆజ్మీని చూసి, ఇష్టపడి, బొంబాయి వెళ్లి 1947లో ఆయన్ను పెళ్లి చేసుకుంది. పుట్టింటిది కలిగిన కుటుంబం. అక్కడ కమ్యూనిస్టు పార్టీ కమ్యూన్‌లో ఒక్క గది కాపురం. కైఫీ సంపాదన పార్టీకే పోయేది. కమ్యూనిస్టు భార్య ఖాళీగా కూర్చోకూడదని, తన కాళ్ల మీద తాను నిలబడాలని పార్టీ నాయకుడు పి.సి. జోషీ చెప్తే, ఆమె పని వెతుక్కుంది. రేడియోలో గొంతు అరువిచ్చింది, పృథ్వీ థియేటర్‌లో చేరింది. పసిపిల్ల అయిన కూతురు షబానాను వీపుకు కట్టుకుని నాటకాల టూర్లు తిరిగింది. ఆ పనుల్లో ఏది నటన, ఏది ఇల్లు గడవడానికి అని ఆమె గీత గీసుకుని ఉంటుందని నేననుకోను.

షబానా ఆజ్మీ చాలాసార్లు చెప్పిన సంగతి ఒకటుంది. తల్లికి 'పగ్లీ' అనే నాటకంలో వేషం వచ్చింది. రిహార్సల్‌కు వేరే సమయం లేదు. వంటవాడి ముందు, చాకలి ముందు, పిల్లల ముందు ఆ పిచ్చిదాని మాటలే మాట్లాడుతూ తిరిగేది. చిన్నపిల్ల షబానా అమ్మకు నిజంగానే పిచ్చెక్కిందనుకుని బెంబేలెత్తి ఏడ్చింది. కైఫీ తన రాత పక్కన పెట్టి, పిల్లను సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్లి కూర్చోబెట్టి, అమ్మకు సాధన చేసుకోవడానికి టైమ్ తక్కువ, మనమందరం సాయం చెయ్యాలి, లేకపోతే పోటీలో ఎలా గెలుస్తుంది అని నచ్చజెప్పాడట.

ఈ కథలో నాకు షౌకత్ ఎంత ముఖ్యమో కైఫీ కూడా అంతే ముఖ్యం. మీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. అత్తమ్మ మాట ఉంది, అమ్మాయి మాట ఉంది, కూరగాయలతని మాట ఉంది. మీ ఆయన మాట ఒక్కటి కూడా లేదు. అడిగారా? పగలంతా దుకాణంలో గద్దె మీద కూర్చుని, వచ్చినవాళ్లకు చీరలు విప్పి, మడిచి, మళ్లీ విప్పే మనిషికి కౌంటర్ ఉద్యోగమంటే ఏమిటో నాకంటే బాగా తెలుసు. అందులో చిన్నతనమేమైనా ఉందేమో ఆయన్నే అడగండి. ఈ ఆలోచన మీరొక్కరే మోస్తున్నారనిపించింది నాకు.

షౌకత్‌ను సినిమా లోకం గట్టిగా గుర్తుపెట్టుకున్న వేషాల్లో కొన్ని ఆమెకు యాభై దాటాక వచ్చినవి. 1981లో 'ఉమ్రావ్ జాన్'లో ఖానమ్, ఆ మరుసటేడు మన హైదరాబాద్ కథతోనే తీసిన 'బాజార్', 1988లో 'సలాం బాంబే'. ఆ ఖానమ్ నడకలో, చూపులో కనిపించే ఇంటి పెత్తనం ఏ రిహార్సల్‌లోనూ పుట్టదు. ఒక్క గదిలో కాపురం చేసి, పిల్లల్ని పెంచి బతికిన మనిషికే అది వస్తుందని నా నమ్మకం.

అంత దూరం ఎందుకు, సురభి నాటకాలవాళ్లను చూడండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ కుటుంబాల్లో ఆడవాళ్లు వేషం కట్టడానికి ముందూ వంటే, వేషం విప్పాకా వంటే. తెర వెనక పసిపిల్లను ఉయ్యాల్లో వేసి, తెర ముందుకొచ్చి సీతో సత్యభామో అయ్యేవారు. మగవాళ్లే ఆడవేషాలు కట్టే కాలంలో వాళ్లు స్టేజీ ఎక్కారు. 1932లో వచ్చిన మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి వేసిన కమలాబాయి ఆ ఇంటి పిల్లే. చీర కుట్టినంత మాత్రాన, పొయ్యి ముందు కూర్చున్నంత మాత్రాన నటి కాదని అక్కడ ఎవరూ ఎవరినీ అనలేదు. ఆ మాట మనకు తర్వాత అంటుకుంది, సినిమా పత్రికలు తారల ఇళ్లూ కార్లూ చూపించడం మొదలుపెట్టాక.

వీడియోల సంగతి. తీస్తారు, కాదనను. కానీ చెల్లెమ్మా, పని చేసి జీతం తీసుకునే ఆడదాని బతుకు దీనస్థితి ఎలా అవుతుంది? ఆ మాట రాసేవాడు రాస్తాడు. మీరు మాత్రం ఆ మాటతో మిమ్మల్ని మీరు చూసుకోవద్దు. చేరే ముందే మేనేజ్‌మెంట్‌కు చెప్పండి, ఫలానా సీరియల్‌లో చేశాను, కొందరు ఫోన్లు తీయొచ్చని. రోగులుండే చోట వీడియోలు తీయనివ్వమని ఆస్పత్రి బోర్డు పెట్టొచ్చు, పెట్టించండి. ఏ ఛానెల్‌వాళ్లయినా ఇంటర్వ్యూ అంటూ వస్తే, ఏడిపించడానికే వస్తున్నారనిపిస్తే, నమస్కారం పెట్టి పంపెయ్యండి. కొత్త వేషం గురించి మాట్లాడటానికైతే కూర్చోండి.

అమ్మాయి తలెత్తుకోలేదని మీరు రాశారు. ఆ అమ్మాయి అలా అన్నట్టు మాత్రం ఎక్కడా రాయలేదు.

బోనాల్లో తిట్టిన ఆ పెద్దావిడ మిమ్మల్ని నొప్పించింది, నిజమే. కానీ మీకు దక్కిన మెప్పుల్లో అదే పెద్దది. సూర్యకాంతమ్మగారు జీవితమంతా ఇలాంటి తిట్లే తిన్నారు. 1962లో 'గుండమ్మ కథ' తీసినప్పుడు అందులో ఎన్టీఆర్ ఉన్నారు, ఏఎన్నార్ ఉన్నారు, సావిత్రి, జమున ఉన్నారు. సినిమాకు పేరు మాత్రం ఆవిడ వేసిన గయ్యాళి గుండమ్మది. తెర మీద అంత నోరున్న ఆవిడ, షూటింగ్‌కు ఇంటి నుంచి వంటకాలు తెచ్చి అందరికీ పెట్టేవారని ఆనాటివాళ్లు చెప్పుకుంటూనే ఉంటారు. జనం తిట్టింది మీ పాత్రను. చెయ్యి పట్టుకున్నది మాత్రం మీరు వాళ్ల ఇంట్లో మనిషి అయిపోయారు కాబట్టి.

ఇక మీ యాస. ఇక్కడ నాకు కోపం వచ్చింది, మీ మీద కాదు. గౌలిపురా తెలుగు, అందులో కలిసిపోయిన దక్కనీ, ఆడవాళ్లు సందులో ఒకరినొకరు పిలుచుకునే తీరు, ఇవన్నీ మీకు ఉగ్గుపాలతో వచ్చాయి. తీసెయ్యమన్నారు, తీసేశారు. అప్పటి రోజులు అలాంటివి. 2023లో 'బలగం' సినిమా వచ్చింది. పల్లెటూరి తెలంగాణ భాషలోనే ఉన్న ఆ సినిమాను ఊళ్లల్లో తెరలు కట్టి మరీ చూశారు. అందులో నాటకాల నుంచి వచ్చినవాళ్లకు మంచి వేషాలు దొరికాయి. పాతబస్తీ తెలుగు ఇంకా తెర మీదికి సరిగ్గా రానే లేదు. అది వచ్చే రోజుకు మీ నోట్లో అది బతికి ఉండాలి. ఆస్పత్రి కౌంటర్ దగ్గరికి ఫలక్‌నుమా నుంచి, చాంద్రాయణగుట్ట నుంచి, అలియాబాద్ నుంచి మనుషులు వస్తారు. కడుపునొప్పి గురించి ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెప్తారు. వినండి. రాత్రి డాబా మీద మీ అమ్మాయిని కూర్చోబెట్టి అందులో ఒకరిని చేసి చూపించండి. 'మామూలుగ మాట్లాడరాదే' అన్న పిల్లే మీకు మంచి డైరెక్టర్. ఆమె సరే అన్నరోజు మేకప్ లేకుండా, మీ యాసలో రెండు నిమిషాల వీడియో ఒకటి తీయించి, కొత్తగా సినిమాలూ వెబ్ సిరీస్‌లూ తీస్తున్న పిల్లల ఆఫీసులకు పంపండి. జరీ చీరలో పెద్దత్తగా ఉన్న పాత ఫొటోలు పంపితే మళ్లీ పెద్దత్త వేషమే వస్తుంది.

ఉద్యోగం గురించి రెండు మాటలు గట్టిగా చెప్తాను. పదహారు వేలంటే మీరు ఈఎస్ఐ కిందికి వస్తారు. నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకు అది వర్తిస్తుంది. మీ జీతంలో 0.75 శాతం పట్టుకుంటారు, యజమాని 3.25 శాతం కడతాడు. మీకే కాదు, ఇంట్లో మీ మీద ఆధారపడ్డవాళ్లకు కూడా వైద్యం దొరుకుతుంది. సీరియల్‌లో అన్నేళ్లు చేసినా ఏ కంపెనీ మీకు అది ఇచ్చి ఉండదు. పీఎఫ్ సంగతి కూడా అడగండి. నోటిమాటగా సరే అంటే చాలదు, అపాయింట్‌మెంట్ లెటర్‌లో రాయించుకోండి. షిఫ్టు మార్చుకునే వీలు ఉందా, షూటింగ్ పడితే నెలలో కొన్ని రోజులు జీతం లేని సెలవు ఇస్తారా అని మొదటి రోజే మాట్లాడండి. మీ ఆడపడుచు అక్కడే ఉంది కాబట్టి సర్దుబాటు కుదరొచ్చు. మేనేజర్లు పిలిచినప్పుడు 'ఉద్యోగంలో ఉన్నాను, ముందుగా డేట్లు చెప్పండి' అనండి. ఖాళీగా ఉన్నదాన్ని అడిగినట్టు, పనిలో ఉన్నదాన్ని రేటు తగ్గించుకోమని అడగడానికి ఎవరికీ నోరు రాదు.

ఇక చీరలు. అల్మారాలో ఉన్నవాటిలో మనసైనవి నాలుగు ఉంచుకుని మిగతావి అద్దెకివ్వండి. సీరియళ్లలోకి కొత్తగా వచ్చే అమ్మాయిలు మీలాగే సొంత చీరల కోసం అప్పు చేస్తున్నారు. వాళ్లకూ మేలే.

అత్తమ్మకు నా నమస్కారాలు చెప్పండి. కోడలి ఫొటోకు దండ చూసి అన్నం మానేసిన అత్తగారిని ఏ సీరియల్ రచయితా రాయలేదు. ఉద్యోగంలో చేరే రోజు ఆవిడ చేత్తో బొట్టు పెట్టించుకుని వెళ్లండి.

రావాల్సిన రెండు నెలల డబ్బు వదలొద్దు. ఏ తేదీల్లో ఎన్ని కాల్షీట్లు చేశారో ఫోన్‌లో మెసేజ్‌లు ఉంటాయి, ఒక కాగితం మీద వరసగా రాయండి. ఆ లెక్క ప్రొడక్షన్ మేనేజర్‌కు వాట్సాప్‌లో పంపి, పదిహేను రోజులు గడువివ్వండి. రాకపోతే అదే కాగితం పట్టుకుని మీ ఆర్టిస్టుల యూనియన్‌కు వెళ్లండి. కార్డు రెన్యువల్ చేయించుకోకపోయి ఉంటే ముందు ఆ పని చూడండి, అమ్మాయి ఫీజు గడువు దాటకముందే.