అభ్యంగనం: ఎవరికి, ఎప్పుడు, ఎలా?

పండుగనాడు తలంటుకొని, మరునాటి నుండి నూనెగిన్నె మరచిపోవడం నేడు మన ఇళ్లలో పరిపాటి అయినది. వాగ్భటాచార్యుడు మాత్రం అష్టాంగహృదయంలో అభ్యంగనాన్ని దంతధావనంతో పాటు దినచర్యలోనే చేర్చినాడు. అది వార్ధక్యాన్ని, అలసటను, వాతాన్ని హరిస్తుందనీ, శిరస్సుకు, చెవులకు, పాదాలకు విశేషంగా చేసుకోవలెననీ ఆయన విధించినాడు. చరకసంహిత నూనె రాసిన దేహాన్ని నూనె పట్టిన కుండతోను, తోలుతోను, బండి ఇరుసుతోను పోల్చినది.

ఇరుసు పోలికను మా వీపనగండ్ల వారికి వివరింపనక్కరలేదు. వరినాట్లు వేసి నడుము పట్టేసిన స్త్రీలు, వలస పనులలో బరువులు మోసి మోకాళ్లు అరిగిన పురుషులు నా వద్దకు నిత్యం వస్తుంటారు. అరిగిన కీలును మర్దనం తిరిగి కొత్తది చేయదు. కానీ బిగిసిన కండరాలను సడలిస్తుంది. నొప్పిని తగ్గించి కదలికను సుగమం చేస్తుంది. 2006లో అమెరికాలో మోకాళ్ల అరుగుదల గల 68 మందిపై జరిగిన పరిశోధనలో 8 వారాల మర్దనంతో నొప్పి, బిగుతు తగ్గినట్లు తేలినది. నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు మృదువుగా మర్దనం చేయగా, చేయని వారికంటె రోజుకు 47 శాతం అధికంగా బరువు పెరిగారని 1986లో అక్కడి వైద్యులే ప్రకటించినారు.

చేసుకొను విధానం

నిత్యవాడుకకు నువ్వులనూనె శ్రేష్ఠం. వేసవిలో కొబ్బరినూనె హితం. కీళ్లనొప్పులకు మహానారాయణ తైలం, క్షీరబలా తైలం వంటివి వైద్యుని సలహాతో వాడవలెను. నూనెగిన్నెను వేడినీటిలో ఉంచి గోరువెచ్చగా చేయవలెను. నేరుగా పొయ్యిమీద కాచరాదు. ఉదయం పరగడుపున చేతులకు, కాళ్లకు పొడవుగా, కీళ్లవద్ద గుండ్రంగా, పొట్టపై మెల్లగా రాసుకోవలెను. ఇరవై నిమిషాలు చాలును. మరొక అరగంట ఆగి, పెసరపిండితో నలుగు పెట్టుకొని, వెచ్చని నీటితో స్నానం చేయవలెను. నూనె పడిన స్నానాలగదిలో వృద్ధులు జారిపడకుండ ఎవరైనా తోడుండవలెను.

ఎవరు చేసుకోరాదు?

జ్వరం, అజీర్ణం, కఫాధిక్యం ఉన్నప్పుడు అభ్యంగనం నిషిద్ధం. గురుకులంలో ఉండగా నేను ఈ నియమాన్ని కంఠస్థం చేసితిని గాని, మనసుకు పట్టించుకొనలేదు. ఒకనాడు ఒళ్లునొప్పులని వచ్చిన ఒక రైతుకు, నాడి చూడకుండానే తైలం పట్టించితిని. సాయంకాలానికి చలిజ్వరం పెరిగినది. గురువుగారు నన్ను ఒక్కమాట అనలేదు. తెల్లవారే వరకు రోగి ప్రక్కన కూర్చుండబెట్టినారు. ఆ రాత్రి నేర్చిన పాఠం ఏ గ్రంథమూ నేర్పలేదు.

అదే పాఠం తరువాత ఒక కుటుంబాన్ని కాపాడినది. దూరప్రాంతం నుండి రాత్రంతా బస్సులో కూర్చుండి వచ్చిన ఒక కూలీకి ఒక పిక్క మాత్రమే వాచినది, వేడిగా ఉన్నది, తాకితే నొప్పి. గట్టిగా తోమి పంపుమని అన్నగారు పట్టుబట్టినారు. నేను చేయి వేయక, వెంటనే పెద్దాసుపత్రికి పంపితిని. కాలి సిరలో రక్తం గడ్డకట్టినదని అక్కడ తేలినది. తోమి ఉంటే ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులకు చేరి, ప్రాణం మీదికి వచ్చెడిది. నాడు కోపగించుకొన్న అన్నగారే తరువాత వచ్చి నమస్కరించినారు.

కావున ఒక కాలే వాచినా, ఎముక విరిగినదని అనుమానమున్నా, చర్మం చిట్లినా, పుండున్నా మర్దనం తలపెట్టరాదు. మధుమేహంతో పాదాలు తిమ్మిరెక్కినవారు నూనె వేడిని ఇంట్లో మరొకరి చేతితో చూపించుకోవలెను. కాలివేళ్ల సందులలో నూనె నిలువనీయరాదు. చంటిబిడ్డల ముక్కులలో, చెవులలో నూనె పోయడం పెద్దలు ప్రేమతో చేసేదే అయినా ప్రమాదకరం; ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తులలోకి దిగవచ్చును. చెవి కారుతున్నవారు ఏ వయసువారైనా చెవిలో నూనె వేయరాదు.

అభ్యంగనం చేసుకొంటున్నామని రక్తపోటు, మధుమేహం మాత్రలు మానవలదు. వారానికి రెండుమార్లు ఆరంభించండి. సమయం చాలనినాడు రాత్రి పడుకొనే ముందు అరికాళ్లకైనా రాసుకోండి. ఇంటిలోని వృద్ధుల పాదాలకు మీ చేతులతో నూనె రాయండి. రాసే ముందు ఆ పాదాలను ఒకమారు శ్రద్ధగా చూడండి.